ఫండ్ ఏజెంటు సంపాదన లెక్క ముందే చెప్పండి

గౌరవనీయులైన సెబీ ఛైర్మన్ గారికి, ఆంఫి పాలకవర్గ సభ్యులకు, ఫండ్ సంస్థల యాజమాన్యాలకు,

మ్యూచువల్ ఫండ్ అమ్మిన ఏజెంటుకు అమ్మిన రోజున చేతిలో పడేది దాదాపు ఏమీ ఉండదు. కస్టమరు డబ్బు ఫండ్‌లో నిలిచి ఉన్నన్నాళ్లూ ఆ నిల్వ మీద లెక్కగట్టి ఇచ్చే ట్రెయిల్ కమీషనే అతని సంపాదన. ఈక్విటీ పథకాల్లో అది సాధారణంగా ఏడాదికి నూటికి అర్ధ రూపాయి నుంచి రూపాయి దాకా ఉంటుంది. 2009 ఆగస్టు 1 నుంచి ఎంట్రీ లోడు (కొనేటప్పుడే కోసుకునే రుసుము) రద్దయింది. 2013 జనవరి 1 నుంచి ఏజెంటుతో పని లేకుండా కొనుక్కునే డైరెక్ట్ ప్లాన్లు వచ్చాయి. 2018 అక్టోబరులో ముందస్తు కమీషన్లకు స్వస్తి పలికాక అమ్మేవారికి ప్రధానంగా ట్రెయిలే మిగిలింది. ఈ మూడూ మదుపరి మేలు కోరి తీసుకున్న నిర్ణయాలు. వాటిలో తప్పుపట్టవలసిందేమీ లేదు.

ఆ తర్వాత చిన్న పట్టణాలతో మీరు వ్యవహరిస్తున్న తీరు మాత్రం ఒప్పుకోదగ్గది కాదు. తీరిక వేళల్లో అదనపు ఆదాయం, పెట్టుబడి అక్కర్లేదు, ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు అంటూ ఏజెంట్లను చేర్చుకునే ప్రచారం ఊరూరా నడుస్తోంది. ఆ ఆదాయం ఎన్నేళ్లకు ఎంత అవుతుందో అందులో ఎవరూ చెప్పరు. ఇది చాలదన్నట్టు 2025 నవంబరులో సెబీ కొత్త ప్రోత్సాహకం ప్రకటించింది. ఫండ్ పెట్టుబడుల్లో మొదటి ముప్పై నగరాలకు వెలుపలి ఊళ్ల నుంచి కొత్త మదుపరిని గానీ, ఏ ఊరి నుంచైనా కొత్త మహిళా మదుపరిని గానీ చేర్పిస్తే, మొదటి పెట్టుబడి మీద లేదా మొదటి ఏడాది సిప్ (నెలనెలా కట్టే పెట్టుబడి) మొత్తం మీద ఒక శాతం ఏజెంటుకు అదనంగా వస్తుంది. గరిష్ఠం రెండు వేల రూపాయలు. డబ్బు ఏడాదిపాటు కదలకుండా ఉండాలన్నది షరతు. ఈ ప్రోత్సాహకానికి సొమ్ము తీసేది మదుపరుల అవగాహన కోసం ఫండ్ సంస్థలు పక్కన పెట్టే 0.02 శాతం నిధి నుంచే. ప్రచారం, ప్రోత్సాహకం రెండూ కలిసి వేములవాడ లాంటి ఊరిలో ఏం చేస్తాయో మీరు లెక్క వేసి చూశారా?

లెక్క కష్టమైనదేమీ కాదు. వేములవాడలో ఒక ప్రైవేటు స్కూలు టీచరు పరీక్ష రాసి, ఆంఫి ఇచ్చే నమోదు సంఖ్య అయిన ఏఆర్‌ఎన్ తెచ్చుకుని, వంద ఇళ్లలో ఒక్కొక్కరి చేత నెలకు వెయ్యి రూపాయల సిప్ కట్టించాడనుకుందాం. వంద ఇళ్లను ఒప్పించడమే మామూలు మాట కాదు. మొదటి నెలకు నిల్వ లక్ష, పన్నెండో నెలకు పన్నెండు లక్షలు. ఏడాది సగటు ఆరున్నర లక్షలు. నూటికి ఎనభై పైసల చొప్పున ఏడాది మొత్తానికి అతనికి వచ్చే ట్రెయిల్ 5,200 రూపాయలు, అంటే నెలకు 433. ఆ వందమందిలో ఒక్కరూ మానకుండా, ఒక్క నెలా తప్పకుండా కట్టుకుంటూ పోతే అయిదో ఏట సగటు నిల్వ 54 లక్షల 50 వేలకు చేరుతుంది. మార్కెట్ పెరుగుదల, తరుగుదల పక్కన పెడితే ఆ ఏడాది కమీషను 43,600. నెలకు 3,600 చిల్లర. అదనపు ఆదాయం నిజంగానే ఉంది. అయితే అది అయిదేళ్లు తిరిగాక కనిపించే ఆదాయం. పిల్లల ఫీజుల కోసం ఈ నెలలోనే నాలుగు వేలు కావలసిన టీచరును పిలిచి ఆశపెట్టేటప్పుడు ఈ రెండు అంకెలు అతని ముందు ఎందుకు పెట్టరు?

కొత్త ప్రోత్సాహకం లెక్క ఇంకా తేటగా ఉంటుంది. నెలకు అయిదు వందలు కట్టే బీడీ కార్మికురాలిని చేర్పిస్తే మొదటి ఏడాది మొత్తం ఆరు వేలు. దాని మీద ఒక శాతం అరవై రూపాయలు. ఆ ఏడాది ట్రెయిల్ మరో ఇరవై ఆరు. రెండూ కలిపినా ఎనభై ఆరు రూపాయలు. ఆమె ఊరికి రెండుసార్లు బండి మీద పోయి వచ్చేసరికి పెట్రోలుకే సరి. అదే ఏజెంటు రెండు లక్షల నష్టపరిహారం డబ్బున్న ఇంటికి పోయి ఆ మొత్తాన్ని ఒక్క సంతకంతో ఈక్విటీ పథకంలో పెట్టిస్తే ప్రోత్సాహకం రెండు వేలు, ఆపైన నిండు ఏడాదికి ట్రెయిల్ పదహారు వందలు. ఏజెంటు అడుగులు ఎటు పడతాయి? పేద మహిళ గడప తొక్కాలని రాసిన నిబంధన అతణ్ని ఏ గడపకు పంపుతోంది?

వేములవాడ చుట్టుపక్కల అలాంటి ఇళ్లకు కొదవ లేదు. మిడ్ మానేరు జలాశయం కింద ఊళ్లకు ఊళ్లే మునిగాయి. అనుపురం, రుద్రవరం, కొదురుపాక వాసులు తరతరాల భూమి వదులుకుని నిర్వాసిత కాలనీలకు చేరారు. వాళ్ల చేతికి వచ్చిన పరిహారం భూమికి మారుగా వచ్చిన డబ్బు. అలాంటి సొమ్ము మళ్లీ పుట్టదు. గల్ఫ్‌లో పదిహేను, ఇరవై ఏళ్లు పనిచేసి తిరిగొచ్చిన మనిషి మూటగట్టుకొచ్చిందీ, రిటైరైన ఆర్టీసీ కండక్టరుకు ఒక్కసారిగా వచ్చిందీ ఇలాంటి డబ్బే. అందులో ఎంత బ్యాంకులో ఉండాలి, ఎంత అప్పు తీర్చడానికి పోవాలి, ఎంత పదేళ్లు ముట్టకుండా ఉండగలదు అని నిదానంగా కూర్చుని చెప్పే మనిషి ఆ ఇంటికి కావాలి. నిబంధనలు మాత్రం మొత్తం ఒకేసారి పెట్టించినవాడికే ఎక్కువ ఇస్తున్నాయి. ఏడాది దాకా తీయకూడదన్న షరతు కూడా ఇక్కడ ఇంటివాడికి రక్షణ కాలేదు. కూతురి పెళ్లికి డబ్బు కావలసిన నెలలో మార్కెట్ పడి ఉంటే, ఇంకొన్నాళ్లు ఆగు అని చెప్పడంలో ఏజెంటుకు సొంత లాభం కూడా ఉంటుంది.

ముందే కొంత ముట్టజెప్పి కొత్తవాళ్లను రప్పించడం వల్ల వచ్చే ఇబ్బంది సెబీకి తెలియనిది కాదు. 2012లో చిన్న ఊళ్ల నుంచి వచ్చే పెట్టుబడికి ఫండ్ సంస్థలు ఖర్చుల కింద 0.30 శాతం దాకా ఎక్కువ వసూలు చేసుకునే వీలు ఇచ్చారు. ఒకే మొత్తాన్ని ముక్కలు చేసి చూపడం, ఏడాది తిరగ్గానే తీయించి మళ్లీ పెట్టించడం లాంటి దుర్వినియోగం కనబడి 2023 మార్చి 1 నుంచి దాన్ని నిలిపేశారు. 2025 ఆగస్టులో పదివేలు, ఆపైన పెట్టుబడికి ఇచ్చే 100, 150 రూపాయల లావాదేవీ రుసుమునూ తీసేశారు. కొత్త పథకంలో పాన్ నంబరు ఆధారంగా కొత్త మదుపరిని గుర్తించే ఏర్పాటు ఉంది కాబట్టి ముక్కలు చేసే మోసం తగ్గుతుంది. ఆ జాగ్రత్త మెచ్చుకోదగ్గదే. కానీ మూలం మారలేదు. ఖాతా తెరిచిన రోజుకు ధర కట్టారు. తెరిచాక పదేళ్లపాటు ఆ ఖాతాను కాపాడే పనికి మాత్రం విడిగా ధర కట్టలేదు.

ఆ పని ఎలాంటిదో ముంబై నుంచి చూస్తే కనబడకపోవచ్చు. వేములవాడ ప్రాంతంలో ఇక్కడి గుడి దేవుడు రాజన్న పేరు పెట్టుకోని ఇల్లు అరుదు. రాజయ్య, రాజేశం, రాజమల్లు, రాజవ్వ ప్రతి వాడలోనూ ఉంటారు. ఒకే మనిషి ఆధార్‌లో రాజవ్వ, పాన్ కార్డులో రాజమ్మ, బ్యాంకు పాసుబుక్కులో ఇంటిపేరు పొడి అక్షరంతో రాజవ్వ. ఫోన్ నంబరు కొడుకుది, ఆ కొడుకు దుబాయిలో. 2024 ఏప్రిల్ నుంచి కేవైసీ నిబంధనలు బిగిశాక ఇలాంటి ఖాతాలు ఎన్నో మధ్యలో ఆగాయి. పేరు సరిచేయడానికి ఆమెను మీసేవకు తీసుకుపోయేది, వేలిముద్ర పడకపోతే ఇంకో రోజు మళ్లీ తీసుకుపోయేది, ఓటీపీ కోసం దుబాయి ఫోన్ ఎత్తేదాకా కూర్చునేది ఆ ఏజెంటే. ఏళ్ల తరబడి తునికాకు కత్తిరించి బీడీలు చుట్టిన వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. యంత్రం వాటిని గుర్తు పట్టదు. ఈ పనికి మీ కమీషను పట్టికలో గడి ఏది?

గల్ఫ్ కుటుంబాల్లో ఇంకో చిక్కుంది. విదేశంలో పనిచేస్తున్న మనిషి చట్టం దృష్టిలో ప్రవాస భారతీయుడు. అతని పెట్టుబడి ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌వో ఖాతా నుంచి రావాలి. ఊళ్లో పాత సేవింగ్స్ ఖాతా నుంచే స్థానికుడిగా రాయించి సిప్ మొదలుపెడితే రేపు ఆ డబ్బు తీసుకునేటప్పుడు కుటుంబం ఇబ్బంది పడుతుంది. ఏజెంట్ల పరీక్ష పాఠ్యపుస్తకంలో ఈ విషయం ఉంటుంది. పరీక్షలో వంద ప్రశ్నలు, రెండు గంటలు, ఉత్తీర్ణతకు యాభై మార్కులు. ఆ యాభై మార్కుల్లో ఈ ప్రశ్న లేకపోయినా ఏఆర్‌ఎన్ వస్తుంది. మరునాడే అతను అనుమతి ఉన్న అమ్మకందారు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల్లో గల్ఫ్ ప్రశ్న లేకుండా ఒక్క నెలైనా గడుస్తుందా? ఇక్కడ పనిచేయబోయే మనిషికి ఆ సంగతి అనుభవమున్న వాళ్ల దగ్గర నేర్చుకునే అవకాశం ఎవరు కల్పించాలి?

ఊరి సంపాదన తీరు కూడా నెలజీతం లాంటిది కాదు. గుడి చుట్టూ బతికే కుటుంబాలకు శివరాత్రికి, శ్రావణ మాసానికి డబ్బు ఆడుతుంది. రెండేళ్లకోసారి మేడారం జాతరకు పోయే భక్తులు ముందు రాజన్నను దర్శించుకుంటారు కాబట్టి ఆ వారాల్లో లాడ్జీలు, కొబ్బరికాయల దుకాణాలు, కోడె మొక్కుల దగ్గర పనిచేసేవాళ్లు ఏడాదికి సరిపడా సంపాదించుకుంటారు. మిగతా నెలలు నత్తనడకే. సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడిస్తే కూలి, ఆర్డరు లేకపోతే పస్తు. ఇలాంటివాళ్ల చేత ప్రతి నెలా అయిదో తేదీకి అయిదు వందలు అని సంతకం పెట్టిస్తే, ఖాతాలో డబ్బు లేని నెల బ్యాంకు జరిమానా పడుతుంది. కొన్ని బ్యాంకుల్లో ఒక్క తప్పిన వాయిదాకు పడే జరిమానా అయిదు వందల సిప్‌లో సగానికి పైగా ఉంటుంది. వరుసగా మూడు నెలలు తప్పితే సిప్ రద్దవుతుంది. చేతిలో ఉన్నప్పుడు ఎక్కువ, లేనప్పుడు సున్నా కట్టుకోవచ్చని, విడిగా పెట్టుబడి పెట్టే వీలు ఎప్పుడూ ఉందని ఏజెంటు చెప్పాలి. చెప్తే అతని సిప్‌ల లెక్క తగ్గుతుంది. సిప్‌ల సంఖ్యను విజయానికి కొలబద్దగా పెట్టింది మీరే కదా?

ఆ కొలబద్ద మీకే ఎదురు తిరిగిన సందర్భమూ ఉంది. 2025 జనవరిలో దేశంలో కొత్తగా మొదలైన సిప్‌ల కన్నా ఆగిపోయినవి, గడువు తీరినవి ఎక్కువయ్యాయి. 2024 సెప్టెంబరు తర్వాత మార్కెట్ పడుతూ వచ్చిన రోజులవి. నెలకు 29 వేల కోట్ల పైచిలుకు సిప్ డబ్బు వస్తోందని 2025 సెప్టెంబరు అంకెలు చూసి సంతోషించే ముందు, ఆ జనవరిలో ఆపేసినవాళ్లకు ఎవరైనా ఫోన్ చేసి ధైర్యం చెప్పారా అని చూడవలసింది. ధైర్యం చెప్పే మనిషి ఉన్నచోట పొదుపు నిలుస్తుంది. అతనికి ట్రెయిల్ కింద నెలకు 433 రూపాయలు వస్తుంటే రెండో ఏడాదికే ఈ పని మానేసి బీమా పాలసీలు అమ్ముకోవడానికి పోతాడు. అక్కడ మొదటి ఏడాది ప్రీమియంలో పెద్ద వాటా చేతికొస్తుంది. అతను వెళ్లాక రాజవ్వ ఖాతాను చూసేదెవరు?

తెలుగు పల్లెల్లో ఏజెంటు అనే మాట వెనుక పాత గాయాలున్నాయి. డిపాజిట్లు సేకరించిన అగ్రిగోల్డ్ కంపెనీ కూలినప్పుడు దాదాపు 32 లక్షల మంది డిపాజిటర్ల సొమ్ము, 6 వేల కోట్ల రూపాయలకు పైగా, చిక్కుకుపోయింది. డబ్బు సేకరించిన ఏజెంట్లు బయటివాళ్లు కారు. వాడకట్టులోని మనిషే, వియ్యాలవారే, సంఘం లీడరే. కంపెనీ తలుపులు మూసుకుంది గానీ వాళ్లకు ఊళ్లో మూసుకునే తలుపు లేకపోయింది. ప్రాణాలు తీసుకున్న ఏజెంట్లూ ఉన్నారు. మ్యూచువల్ ఫండ్ అలాంటిది కాదన్నది నిజం: డబ్బు మదుపరి బ్యాంకు నుంచి నేరుగా ఫండ్‌కు పోతుంది, ఆస్తులు కస్టోడియన్ దగ్గర ఉంటాయి, ట్రస్టీలుంటారు, రోజూ యూనిట్ విలువ అయిన ఎన్‌ఏవీ ప్రకటిస్తారు. అయినా 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఆరు డెట్ పథకాలను మూసేసినప్పుడు, దాదాపు 25 వేల కోట్ల రూపాయలు ఆగిపోయినప్పుడు, మదుపరి నిలదీసింది తన ఊరి డిస్ట్రిబ్యూటరునే. తర్వాత డబ్బు విడతలుగా తిరిగొచ్చింది. అప్పటిదాకా జవాబు చెప్పుకుంది అతనే. మీ తరఫున మాట పడేది అతనే అయినప్పుడు, అతణ్ని ఎన్నుకోవడంలో, నేర్పడంలో, నిలబెట్టడంలో మీ బాధ్యత ఎంత ఉండాలి?

మదుపరి పక్షాన కూడా ఒక మాట దాచకూడదు. ఏజెంటు కమీషను మదుపరి డబ్బులోంచే పోతుంది. నెలకు అయిదు వేల సిప్ ఇరవై ఏళ్లు కట్టి, ఏడాదికి 12 శాతం పెరిగిందనుకుంటే సుమారు 50 లక్షలవుతుంది. ఒక శాతం తగ్గి 11 శాతమైతే సుమారు 43 లక్షల 70 వేలు. డైరెక్ట్ ప్లాన్‌కూ ఏజెంటు ద్వారా కొనే రెగ్యులర్ ప్లాన్‌కూ మధ్య ఉండే తేడా ఒక్కోసారి ఇంత దాకా పోతుంది. ఫోన్‌లో అన్నీ తనే చూసుకోగలిగిన కుర్రాడికి ఆ ఆరు లక్షలు ఇవ్వవలసిన అవసరం లేదు. పేరు సరిచేయించి, మార్కెట్ పడ్డప్పుడు ఇంటికొచ్చి, భర్త పోయినప్పుడు నామినీ కాగితాలు నింపి, కరీంనగర్ దాకా పోయి సేవాకేంద్రంలో ఇచ్చి వచ్చే మనిషి కావలసిన రాజవ్వకు ఆ ఖర్చు న్యాయమైనదే. ఖర్చు ఎంతో, దేనికోసమో ఆమెకు తెలిసి ఉండాలన్నదే షరతు. ఖాతా వివరాల పత్రం ఇంగ్లీషులో వస్తే ఆమెకు ఎలా తెలుస్తుంది? 2017 నుంచి టీవీల్లో ఫండ్ల ప్రకటనలు తెలుగులోనే ఊదరగొట్టారు. అమ్మేటప్పుడు వచ్చిన తెలుగు లెక్క చెప్పేటప్పుడు ఎందుకు రాదు?

వేములవాడ అడుగుతున్నవి చేయలేనివేమీ కావు. ఏఆర్‌ఎన్ దరఖాస్తుతో పాటే, పై లెక్కలాంటి ఒక పేజీ తెలుగులో ఇచ్చి, మొదటి, మూడో, అయిదో ఏట ఎంత రావచ్చో చూపి, చదివానని సంతకం తీసుకోండి. అదనపు ఆదాయం పేరుతో మనుషుల్ని చేర్చుకునే ఏ ప్రకటనలోనైనా ఆ అంకెలు ఉండాలని నిబంధన పెట్టండి. చేర్చినందుకు ఇచ్చే ఒక శాతాన్ని ఒకేసారి ఇవ్వకుండా మూడో ఏడు, అయిదో ఏడు కూడా ఖాతా నిలిచి ఉంటే వచ్చేలా పంచండి. చిన్న సిప్‌కు శాతం లెక్క మాని, ఖాతాకు ఇంత అని ఇవ్వండి. అప్పుడు అయిదు వందల ఇంటికీ రెండు లక్షల ఇంటికీ ఏజెంటు ఒకే ఓపికతో పోతాడు. పరిహారం డబ్బు, రిటైర్మెంట్ డబ్బు ఒకేసారి ఈక్విటీలో పెట్టించిన చోట ప్రోత్సాహకం పూర్తిగా ఆపండి. కొత్త ఏజెంటు మొదటి ఆరు నెలలు అనుభవమున్న డిస్ట్రిబ్యూటరు వెంట తిరిగి నేర్చుకునే ఏర్పాటు జిల్లా కేంద్రాల్లో పెట్టండి. రిటైరైన టీచర్లను, పోస్టల్ ఏజెంట్లను ఈ పనిలోకి తేవాలని 2012లో ప్రత్యేక వర్గాన్ని మీరే సృష్టించారు. ఊళ్లో మాట చెల్లే ఆ మనుషుల కోసం మళ్లీ వెతకండి. నామినీ మార్పు, మరణానంతర బదిలీ, కేవైసీ సరిదిద్దడం లాంటి ప్రతి సేవకూ చిన్నదైనా ఒక రుసుము అవగాహన నిధి నుంచే ఇవ్వండి. ఆ నిధి ఉన్నదే అందుకు.

అప్పటిదాకా చిన్న ఊళ్లలో అదనపు ఆదాయం ప్రచారాన్ని ఆపించండి. ఇప్పటికే ఏఆర్‌ఎన్ తీసుకున్న టీచర్లకు, గృహిణులకు ఆ ఒక్క పేజీ లెక్క ఈ నెలలోనే పంపండి.

ఇట్లు,
వేములవాడ పొదుపరుల, చిన్న డిస్ట్రిబ్యూటర్ల పక్షాన,
రాజన్న సిరిసిల్ల జిల్లా, తెలంగాణ